‘అది చూసేశాం’ అన్న ఒక్క మాట

నేను మొదటిసారి ఒక బృందానికి నాయకత్వం వహించినప్పుడు అందులో ఎనిమిది మంది ఉండేవారు. ఒక సంస్థ ఎన్నో ఏళ్లుగా దాచుకున్న పాత రికార్డులన్నింటినీ కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చడం మా పని. మార్పుకు ఐదు రోజుల ముందు జరిగిన చివరి మీటింగులో, అందరికంటే కొత్తగా చేరిన సహోద్యోగిని ఒకరు తన నోటుబుక్కులో ముందే రాసి ఉంచుకున్న ప్రశ్నను చదివి వినిపించినట్టుగా అడిగారు: “పాత రికార్డుల్లో తేదీలు కొన్నిచోట్ల రోజు ముందు, కొన్నిచోట్ల నెల ముందు రాసి ఉన్నట్టున్నాయండీ. మనం అన్నింటినీ ఒకే పద్ధతిలో తీసుకుంటున్నామేమో?” నేను ల్యాప్‌టాప్ తెర మీంచి చూపు కూడా తిప్పకుండా “అది చూసేశాం” అన్నాను. ఆమె “సరేనండీ” అని నోటుబుక్కు మూసేశారు. మీటింగు అనుకున్న సమయానికి ముగిసినందుకు ఆ రోజు నాకు చాలా తృప్తి కలిగింది.

నేను అబద్ధం చెప్పలేదు. అంతకు రెండు నెలల ముందు మొదటి కొన్ని వందల రికార్డులను నేనే స్వయంగా పరిశీలించాను. వాటిలో తేదీలన్నీ ఒకే పద్ధతిలో ఉన్నాయి. మిగిలినవి కూడా అలాగే ఉంటాయని నాకు నేనే చెప్పుకుని, ఆ చెప్పుకున్నదాన్ని చూసినట్టుగానే జ్ఞాపకం పెట్టుకున్నాను. ఇలాంటి తప్పులో ఉన్న ప్రమాదం ఏమిటంటే అది చప్పుడు చేయదు. రోజు సంఖ్య 12 దాటితే సాఫ్ట్‌వేర్ దాన్ని నెలగా ఒప్పుకోదు కాబట్టి ఆ రికార్డు పక్కకు వచ్చి పడుతుంది. అలా పడినవాటిని మేము టైపింగు పొరపాట్లుగా భావించి చేత్తో సరిచేశాం. రోజు సంఖ్య 12 లోపు ఉంటే మాత్రం ఏప్రిల్ 7 ఏ హెచ్చరికా లేకుండా జూలై 4 అయి కూర్చుంటుంది. కొత్త వ్యవస్థ నడవడం మొదలైన రెండు వారాలకు గానీ అది ఎవరి కంటా పడలేదు. ఆ తరువాత మూడు వారాల పాటు బృందం మొత్తం పగలు కొత్త పనీ, రాత్రి పాత తేదీల దిద్దుబాటూ చేసింది.

ఆ దిద్దుబాటు జరుగుతున్న రోజుల్లోనే ఒక సాయంత్రం నేను ఆమెను అడిగాను: “మీకు అనుమానం ఉన్నప్పుడు రెండోసారి ఎందుకు అడగలేదు?” ఆ ప్రశ్నలో కూడా నేరం ఆమె మీదకే నెట్టే ధోరణి ఉందని ఇప్పుడు తెలుస్తోంది. ఆమె కొంచెం ఆలోచించి, ఏ నిష్ఠూరమూ లేకుండా చెప్పారు: “మీరు అంత నమ్మకంగా అనేసరికి నేనే పొరబడ్డానేమో అనుకున్నానండీ.”

ఆ జవాబు చాలా కాలం నన్ను వెంటాడింది. అప్పటి వరకు ఆత్మవిశ్వాసం అంటే నా లోపల ఉండే ఒక సొత్తు అనీ, అది ఎంత పెరిగితే నాకూ నా చుట్టూ ఉన్నవారికీ అంత మేలనీ నమ్మేవాడిని. కానీ ఆ మీటింగులో జరిగింది వేరు. సరైన అనుమానంతో, కళ్లారా చూసిన ఆధారంతో వచ్చిన ఒక మనిషి నా ఐదు అక్షరాల మాటతో తన కళ్లనే నమ్మడం మానేసింది. నా ధీమా గదిలో అందరికీ ధైర్యం పంచుతోందని నేను అనుకుంటున్న సమయంలో అది ఆమె దగ్గరున్న కాస్త ధైర్యాన్నీ లాగేసుకుంది.

ఇంకా లోతుకు వెళ్లి చూసుకుంటే, నాలో ఆ రోజు ఉన్నది ధీమా కూడా కాదేమో. బృందం బాధ్యత చేతికి వచ్చిన కొత్తలో, ప్రతి మీటింగుకు ముందు రాగల ప్రశ్నలన్నింటినీ ఒక కాగితం మీద రాసుకుని జవాబులు సిద్ధం చేసుకునేవాడిని. శ్రద్ధగా పని చేసే ఎవరైనా చేసే పనే అది. అయితే ఆ కాగితంలో లేని ప్రశ్న ఎదురైనప్పుడు నా గొంతు కొద్దిగా గట్టిపడేది, వాక్యాలు పొట్టివయ్యేవి, చూపు తెర మీదికి పోయేది. తెలియదని తేలిపోతుందన్న భయం అది. బయటివారికి మాత్రం అది అచ్చం ఆత్మవిశ్వాసంలాగే కనిపించేది. భయానికీ నమ్మకానికీ పైకి ఒకే వేషం ఉండగలదని నాయకత్వంలోకి కొత్తగా వచ్చేవారికి ముందుగా ఎవరైనా చెబితే బాగుంటుంది. నాకైతే ఎవరూ చెప్పలేదు.

ఆ తరువాత కొన్ని నెలలకు విమాన ప్రమాదాల గురించి చదవడం మొదలుపెట్టాను. ఒక బృందంలో తెలిసినవారు చెప్పలేకపోవడం, చెప్పినా పైవారు వినలేకపోవడం అనే సమస్యను విమానయాన రంగం పట్టించుకున్నంత లోతుగా పట్టించుకున్న రంగాలు తక్కువ. ఆ శ్రద్ధ దానికి చాలా పెద్ద మూల్యంతో వచ్చింది.

1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన కానరీ దీవుల్లోని టెనెరీఫ్ విమానాశ్రయంలో రెండు బోయింగ్ 747 విమానాలు రన్‌వే మీదే ఢీకొని 583 మంది మరణించారు. పక్క దీవిలోని విమానాశ్రయంలో బాంబు పేలడంతో చాలా విమానాలను ఈ చిన్న విమానాశ్రయానికి మళ్లించారు. గంటల తరబడి నిరీక్షణ, కమ్ముకువస్తున్న పొగమంచు, సిబ్బంది డ్యూటీ గంటల మీద కఠినమైన నిబంధనలు అన్నీ కలిసి త్వరగా బయలుదేరాలన్న ఒత్తిడి పెంచాయి. వాటిలో ఒకటైన, నెదర్లాండ్స్ సంస్థ కె.ఎల్.ఎం. విమానం కెప్టెన్ సామాన్యుడు కాదు. ఆ సంస్థలో 747 విమానాల శిక్షణ విభాగానికి ఆయనే అధిపతి. సంస్థ ప్రకటనల్లో ఆయన ముఖమే ఉండేది.

ప్రమాదాన్ని గురించి రాసేవారు ఎక్కువగా పొగమంచు గురించి, రేడియోలో మాటలు స్పష్టంగా వినబడకపోవడం గురించి రాస్తారు. నన్ను మాత్రం కాక్‌పిట్‌లో నడిచిన రెండు చిన్న సంభాషణలు పట్టి ఉంచాయి. కెప్టెన్ ఇంజన్ల వేగం పెంచబోతుండగా, కంట్రోల్ టవర్ అనుమతి ఇంకా రాలేదని కో-పైలట్ గుర్తు చేశాడు. ఆ సంగతి తనకు తెలుసనీ, టవర్‌ను అడగమనీ కెప్టెన్ అన్నాడు. కో-పైలట్ అడిగాడు, టవర్ ఇచ్చింది గాలిలోకి లేచాక పాటించవలసిన మార్గానికి అనుమతి మాత్రమే, టేకాఫ్‌కు అనుమతి కాదు. ఆ సూచనలను అతడు తిరిగి చదివి వినిపిస్తూ ఉండగానే కెప్టెన్ బయలుదేరిపోయాడు. ఈసారి కో-పైలట్ ఆపలేదు. ఒకసారి సరిదిద్ది, ‘తెలుసు’ అనిపించుకున్న మనిషికి అదే నిమిషంలో రెండోసారి సరిదిద్దడం ఎంత కష్టమో, నోటుబుక్కు మూసేసిన నా సహోద్యోగిని గుర్తొచ్చి నాకు బాగా అర్థమైంది.

రెండో సంభాషణ ఇంకా చిన్నది. విమానం రన్‌వే మీద పరుగు తీస్తుండగా, రేడియోలో విన్న మాటలను బట్టి ఫ్లైట్ ఇంజనీరుకు అనుమానం వచ్చింది. ఎదుటి విమానం ఇంకా రన్‌వే ఖాళీ చేయలేదా అని అతడు అడిగాడు. చేసేసిందని కెప్టెన్ గట్టిగా బదులిచ్చాడు. కొన్ని క్షణాల్లో ఆ విమానం పొగమంచులోంచి ఎదురుగా కనిపించింది. అతడికి కలిగిన అనుమానం నిజం. కానీ అది ప్రశ్న రూపంలోనే బయటికి వచ్చింది, ‘ఆపండి’ అన్న మాటగా రాలేదు. అధికారం ముందు నిలబడినప్పుడు మనిషి తనకు తెలిసిన నిజాన్ని కూడా సందేహంగా మార్చి మెత్తగా అడుగుతాడు. అందుకే కింది స్థాయి నుంచి మెత్తటి ప్రశ్న వచ్చినప్పుడల్లా దాని వెనక గట్టి విషయం ఉందేమోనని నాయకుడు అనుమానించాలన్నది నాకు అలవడిన పద్ధతి. “ఉన్నట్టున్నాయండీ” అని ఆమె అన్నప్పుడు, అవి ఉన్నాయని ఆమెకు తెలుసు.

ఆ మరుసటి ఏడాది, 1978 డిసెంబరు 28న, అమెరికాలోని పోర్ట్‌లాండ్ దగ్గర యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానం ఒకటి చక్రాల సమస్యను పరిశీలిస్తూ గాలిలోనే చక్కర్లు కొట్టి, ఇంధనం అయిపోయి కూలింది. 10 మంది చనిపోయారు. ఇంధనం తగ్గుతోందన్న మాట కాక్‌పిట్‌లో వినిపిస్తూనే ఉంది, కానీ కెప్టెన్ ధ్యాసను తిప్పేంత బలంగా ఎవరూ దాన్ని చెప్పలేదు. ఇలాంటి అనుభవాల నుంచే 1979లో నాసా నిర్వహించిన సదస్సులో ‘క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్’ అని తరువాత పేరుపడిన ఆలోచనకు బీజం పడింది. 1981లో యునైటెడ్ సంస్థ తన సిబ్బందికి ఆ శిక్షణ ప్రారంభించింది. కెప్టెన్లకు వినడం, మిగిలినవారికి స్పష్టంగా చెప్పడం, రెండింటినీ నేర్పవలసిన నైపుణ్యాలుగానే ఆ శిక్షణ చూస్తుంది. స్వభావం మంచిదైతే చాలు, అవే వస్తాయని అది నమ్మదు. ఈ అంశం నాకు ఎంతో ఊరటనిచ్చింది. నేను చెడ్డవాడినా అన్న మథన నుంచి బయటపడి, నాకు రాని పని ఒకటుంది, దాన్ని నేర్చుకోవచ్చు అన్న చోటికి రాగలిగాను.

ఆ శిక్షణ ఎలాంటి ఫలితమివ్వగలదో 1989 జూలై 19న కనిపించింది. యునైటెడ్ 232 విమానం తోక భాగంలోని ఇంజన్ బద్దలై, ఆ ముక్కలు తగలడంతో మూడు హైడ్రాలిక్ వ్యవస్థలూ పనిచేయకుండా పోయాయి. విమానాన్ని తిప్పడానికి, దించడానికి మామూలుగా ఉండే సాధనాలేవీ మిగలలేదు. అలాంటి స్థితికి శిక్షణ పుస్తకాల్లో జవాబే లేదు. కెప్టెన్ ఆల్ హేన్స్, ఆయన సహచరులు మిగిలిన రెండు ఇంజన్ల శక్తిని హెచ్చించి తగ్గిస్తూ విమానాన్ని నడిపే ఉపాయం వెతుక్కున్నారు. ప్రయాణికుల్లో డ్యూటీలో లేని శిక్షణ పైలట్ ఒకరు ఉన్నారని తెలిసి, ఆయన్ను కాక్‌పిట్‌లోకి పిలిపించి ఇంజన్ల నియంత్రణ అప్పగించారు. దాదాపు 44 నిమిషాల పోరాటం తరువాత సూ సిటీ రన్‌వే మీద విమానం కూలినట్టుగా దిగి ముక్కలైంది. 296 మందిలో 184 మంది బతికారు. అందరి మాటా వినకపోయి ఉంటే అంత దూరం వచ్చేవాళ్లమే కాదని హేన్స్ తరువాత తన ప్రసంగాల్లో చెబుతూ వచ్చారు.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. వినే నాయకుడంటే నిర్ణయం తీసుకోలేని నాయకుడని కొందరు అనుకుంటారు. నాలో మార్పు వచ్చిన తొలి రోజుల్లో ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, “ప్రతివారినీ అడుగుతూ పోతే మీ మాటకు విలువ ఉండదు” అని హెచ్చరించారు కూడా. ఆయన మాటలో కొంత నిజం ఉంది, ఎందుకంటే అప్పట్లో నేను నిజంగానే రెండో కొసకు పోయాను: చిన్న విషయానికీ అందరి అభిప్రాయం అడిగి, ఎటూ తేల్చకుండా మీటింగును మరో మీటింగుకు వాయిదా వేసేవాడిని. దాని వల్ల బృందం అలసిపోయింది. హేన్స్ కాక్‌పిట్‌లో కెప్టెన్ ఎవరన్న విషయంలో ఎవరికీ సందేహం లేదు. సహాయం అడిగింది ఆయన, బాధ్యత పంచింది ఆయన. అడగడం ఎప్పుడు ఆపాలో కూడా నాయకుడే చెప్పాలి, ఎందుకు ఆపుతున్నాడో ఒక్క వాక్యంలోనైనా చెప్పాలి. కారణం తెలిస్తే తమ మాట నెగ్గకపోయినా మనుషులు మనస్ఫూర్తిగా పని చేస్తారని నా అనుభవం.

మరి చెదిరిపోయిన ఆత్మవిశ్వాసం తిరిగి ఎక్కడి నుంచి వస్తుంది? ఈ ప్రశ్నకు నాకు ఆల్బర్ట్ బండూరా పరిశోధన చాలా ఉపయోగపడింది. ఒక పనిని తాను చేయగలనన్న నమ్మకం నాలుగు దారుల్లో ఏర్పడుతుందని ఆ మనస్తత్వవేత్త 1977లో ప్రతిపాదించారు. స్వయంగా చేసి సాధించడం, తనవంటివారు చేయగా చూడడం, ఇతరులు ఇచ్చే ప్రోత్సాహం, ఆ సమయంలో తన శరీరం, మనసు ఉన్న స్థితి. వీటిలో అన్నింటికంటే బలమైనది స్వయంగా చేసి సాధించడమేననీ, మాటలతో కలిగించిన నమ్మకం అనుభవం ఎదురుతిరిగితే త్వరగా కరిగిపోతుందనీ ఆయన చెప్పారు.

పాములంటే విపరీతంగా భయపడేవారితో ఆయన చేసిన ప్రయోగాలు దీనికి చక్కని ఉదాహరణ. భయపడవద్దని వారికి ఉపన్యాసం ఇవ్వలేదు. ముందు శిక్షకుడు పామును పట్టుకుంటుంటే చూడనిచ్చారు. తరువాత చేతి తొడుగులతో తాకనిచ్చారు. ఆపైన వట్టి చేత్తో. చివరికి శిక్షకుడు పక్కన లేకుండా. అడుగు అడుగుకీ ఊతం తగ్గిస్తూ పోయారు, ఎక్కడా ఒక్కసారిగా తోసేయలేదు. ఒకరిలో ఆత్మవిశ్వాసం పెంచాలనుకునే నాయకుడు చేయవలసిన పని ఇంతకంటే వేరుగా ఉండదని నాకనిపిస్తుంది. ‘నువ్వు చేయగలవు’ అని వంద సార్లు చెప్పడం కంటే, చేయగలిగినంత పనిని అప్పగించి, చేయి అందేంత దూరంలో నిలబడి, ఆ దూరాన్ని మెల్లగా పెంచుకుంటూ పోవడం ఎక్కువ పని చేస్తుంది.

నా సహోద్యోగిని విషయంలో నేను చేసింది ఇదే. దిద్దిన తేదీలు సరిగ్గా ఉన్నాయో లేదో సాఫ్ట్‌వేర్‌తోనే సరిచూసే పరీక్షలు తయారుచేసే పనిని ఆమెకు అప్పగించాను. మొదటి వారం ప్రతి పరీక్షనూ ఇద్దరం కలిసి చూశాం. రెండో వారం ఆమె రాసినవి నేను సాయంత్రాలు మాత్రమే చూశాను. మూడో వారం నేను చూడలేదు. పని పూర్తయిందని క్లయింటుకు చెప్పవలసిన సమావేశంలో ఆమెనే మాట్లాడమన్నాను. మాట్లాడే ముందు ఆమె నోటుబుక్కు తెరిచి పెట్టుకున్నారు, కానీ ఒక్కసారి కూడా దానిలోకి చూడలేదు. అదే సమావేశంలో, మార్పుకు ముందు జరిగిన చివరి మీటింగులో ఆమె తేదీల గురించి అడిగారనీ, నేను కొట్టిపారేశాననీ అందరి ముందూ చెప్పాను. ఆ వాక్యం నోటి నుంచి రావడానికి ముందు నా అరచేతులు చెమటలు పట్టాయి. చెప్పాక ఏ ఉపద్రవమూ జరగలేదు. క్లయింటు వైపు నుంచి ఒకాయన తల ఊపి తరువాతి విషయానికి వెళ్లమన్నారు. తప్పు ఒప్పుకున్నా నిలబడగలనని నాకు నమ్మకం కుదిరింది ఆ క్షణంలోనే. అది కూడా స్వయంగా చేసి సాధించడం ద్వారానే కుదిరింది.

మీటింగుల్లో నా అలవాట్లు కొన్ని మార్చుకున్నాను. నా అభిప్రాయం చివర చెబుతాను, ఎందుకంటే ముందు చెబితే తరువాత వచ్చేవన్నీ దాని నీడలోనే వస్తాయి. “సందేహాలేమైనా ఉన్నాయా?” అని అడగడం మానేశాను. ఆ ప్రశ్నకు అందరికీ తేలికైన జవాబు మౌనమే. దానికి బదులు “ఇది ఆరు నెలల తరువాత విఫలమైందని అనుకుందాం, ఎక్కడ విఫలమై ఉంటుంది?” అని అడిగి, గదిలో నిశ్శబ్దం ఇబ్బందిగా మారినా భరిస్తాను. సాధారణంగా అందరికంటే తక్కువ మాట్లాడేవారే ఆ నిశ్శబ్దాన్ని ఛేదిస్తారు.

ఈ మార్పుల తరువాత మొదటి కొన్ని నెలలు నాకు కంగారు కలిగించిన సంగతి ఒకటుంది: మా బృందం నమోదు చేసే లోపాలు పెరిగాయి. మేము దిగజారుతున్నామా అనుకున్నాను. అప్పుడే అమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రి బృందాల మీద చేసిన అధ్యయనం చదివాను. మంచి నాయకత్వమున్న బృందాల్లో మందుల విషయంలో పొరపాట్లు తక్కువగా ఉంటాయని ఆమె ఊహించి మొదలుపెట్టారు. లెక్కలు తిరగబడి కనిపించాయి. ఆ బృందాలు పొరపాట్లు ఎక్కువ చేయడం వల్ల కాక, వాటి గురించి భయం లేకుండా బయటికి చెప్పడం వల్ల ఆ సంఖ్య పెరిగి ఉండవచ్చని ఆమె పరిశీలన తేల్చింది. 1996లో వచ్చిన ఆ అధ్యయనం తరువాత, 1999లో ఆమె బృందాల్లోని మానసిక భద్రత గురించి, అంటే తప్పునో సందేహాన్నో బయటపెట్టినా తనకు ఇబ్బంది రాదన్న నమ్మకం గురించి, రాసిన పరిశోధన పత్రం బాగా ప్రసిద్ధి పొందింది. మా జాబితాను ఆ కళ్లతో మళ్లీ చూశాను. కొత్తగా చేరినవాటిలో ఎక్కువ భాగం ఇంతకుముందు కూడా ఉన్నవే. ఎవరో ఒకరు చూసి, చెప్పకుండా మోసుకు తిరిగినవే.

‘నాకు తెలియదు’ అనడం గురించి కూడా ఒక మాట. ఆ మాటను వినయానికి గుర్తుగా వాడుతూ, దాని వెనక ఏ ప్రయత్నమూ చేయనివారిని చూశాను. బృందానికి దానివల్ల దొరికేది ఏమీ లేదు. ‘తెలియదు, రేపు మధ్యాహ్నానికి తెలుసుకుని చెబుతాను’ అన్నప్పుడు మాత్రం ఎదుటివారు ఊపిరి తీసుకుంటారు. ఆ మధ్యాహ్నం తప్పకుండా రావాలి. రెండు మూడు సార్లు అది వచ్చాక, తెలియదని చెప్పిన నాయకుడి మీద గౌరవం తగ్గకపోగా అతడు ‘తెలుసు’ అన్నప్పుడు ఆ మాటకు బరువు పెరుగుతుంది.

నేను పూర్తిగా మారిపోయానని చెప్పలేను. గడువు దగ్గరపడినప్పుడు ఆ పాత గొంతు నాలో ఇప్పటికీ లేస్తుంది. ఈ మధ్యనే, ఒక ముఖ్యమైన సాఫ్ట్‌వేర్ విడుదలకు ముందు రోజు, కొత్తగా చేరిన యువకుడు ఒకరు మీటింగు ముగుస్తుండగా చేయి సగం ఎత్తి, రెండు పట్టికల మధ్య లెక్క సరిపోతుందో లేదో అని సందేహం వెలిబుచ్చాడు. “అది చూసేశాం” అన్న మాట నాలుక చివరి వరకు వచ్చింది. నిజానికి ఈసారి దాన్ని నిజంగానే చూశాం, పూర్తిగా చూశాం. అయినా ల్యాప్‌టాప్ మూసి, “ఎక్కడ తేడా కనిపించిందో చూపించండి” అన్నాను. అతడు చూపించాడు, నలుగురం కలిసి లెక్కించాం, రెండు పట్టికలూ సరిగ్గా సరిపోయాయి. అతడి చెవులు ఎర్రబడ్డాయి. పొరబాటు ఎలా జరిగి ఉంటుందో మా బృందంలోని మరొకరు అతడికి విడమరచి చెప్పారు. మొత్తం పది నిమిషాలు పట్టింది, మీటింగు ఆలస్యంగా ముగిసింది.

మరుసటి రోజు మధ్యాహ్నం అతడు ఇంకో ప్రశ్నతో నా దగ్గరికి వచ్చాడు.